వేణ్నీళ్లు ఎవరికి? చన్నీళ్లు ఎవరికి?

స్లాబు పడి, గోడలు లేచి, పైపుల పని మొదలయ్యేసరికి మా కొత్తింట్లో ఓ పంచాయితీ వచ్చి పడింది. వేణ్నీళ్ల పంచాయితీ. కొవ్వూరులో గోష్పాద క్షేత్రానికి నడిచి వెళ్లేంత దూరంలో, ఉన్న కాస్త స్థలంలో రెండు పడగ్గదుల ఇల్లు కట్టుకుంటున్నాం. ఆ రోజు మా ఆయన, మా మరిది, కరెంటు మేస్త్రి, ప్లంబరు నలుగురూ సిమెంటు బస్తాల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఎన్ని లీటర్ల గీజర్, ఎన్ని స్టార్లు, ఏ కంపెనీ, ఎన్నేళ్ల గ్యారంటీ. సోలార్ అయితే మేడ మీద ఎక్కడ, గ్యాస్‌ది అయితే సిలిండర్ ఎక్కడ. ఫ్లాస్కులో టీ పోసుకుని నేను వెళ్లేసరికి లెక్క దాదాపు తేలిపోయింది. రెండు పడగ్గదుల స్నానాల గదుల్లో రెండు గీజర్లు.

"వంటింటి సింకుకి కూడా ఒక వేణ్నీళ్ల లైను వెయ్యండి" అన్నాను.

ప్లంబరు కుర్రాడు నిజంగానే అర్థంకాక అడిగాడు. "వంటింట్లో ఎవరు స్నానం చేస్తారండి, అమ్మగారూ?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు. మా మరిది "వదిన ఫిజిక్స్ టీచరు కదా, ఏదో ప్రయోగం చేస్తుందేమోలే" అన్నాడు. నేనూ నవ్వేసి గ్లాసులు తీసుకుని వచ్చేశాను. రాత్రి పడుకున్నాక ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. నిజమే, వేణ్నీళ్లంటే స్నానం. స్నానమంటే ఒంటికి సుఖం. పొద్దున్నుంచి రాత్రి దాకా నీళ్లలో నానే చేతులకి సుఖం ఉండాలన్న ఆలోచన ఏ ప్లానులోనూ లేదు. మా ఇంటి ప్లాను గీసిన ఇంజనీరుకీ రాలేదు. ముప్ఫై ఏళ్లు వేడి గురించీ ఉష్ణోగ్రత గురించీ పాఠాలు చెప్పిన నాకే ఇల్లు సగం అయ్యేదాకా తట్టలేదు.

ఈ ఇంటికి పెట్టిన డబ్బులో నా రిటైర్మెంటు డబ్బు ఎంతుందో చెప్పను. చాలానే ఉంది. గృహప్రవేశం పిలుపులకి వెళ్లినప్పుడు మా ఆయన బంధువులతో "ఆవిడదీ కొంత వచ్చింది కదా, వేణ్నీళ్లకి చన్నీళ్లు తోడు" అంటుంటారు. ఉద్యోగం చేసే ప్రతి తెలుగు ఆడదీ జీవితంలో ఒక్కసారైనా విన్న సామెత ఇది. మగవాడి జీతం వేణ్నీళ్లు, ఆడదాని జీతం చన్నీళ్లు. సామెతలో సరే, ఇంట్లో ఆ వేణ్నీళ్లు కాచిందెవరు? కాచాక పోసుకున్నదెవరు? చన్నీళ్లు మిగిలిందెవరికి?

మా అమ్మమ్మగారింట్లో పెరటి మూల ఇత్తడి కాగు ఉండేది. మూడు రాళ్ల పొయ్యి మీద, మెడ దాకా మసి పట్టి. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మమ్మ లేచి దాన్ని బావి నీళ్లతో నింపేది. పది పన్నెండు బిందెలు. కింద కొబ్బరి మట్టలు, డొక్కలు, సరుగుడు పుల్లలు. వానాకాలం మట్టలు తడిసి మంట రాజుకోకపోతే ఊదుగొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడేవి. నీళ్లు కాగాక తాతయ్యకి మొదటి బకెట్టు. తర్వాత మావయ్యలు, ఇంట్లో ఉంటే అల్లుళ్లు, బడికి వెళ్లే మగపిల్లలు, ఆ తర్వాత మేము. ప్రతి ఒక్కరికీ నీళ్లు "తోడిపెట్టాలి". కాగులోంచి చెంబుతో మరిగే నీళ్లు బకెట్లో పోసి, చన్నీళ్లు కలిపి, మోచెయ్యి పెట్టి చూసి, మోసుకెళ్లి గదిలో పెట్టి, తువ్వాలు దండెం మీద వేసి, అప్పుడు పిలవాలి. "నీళ్లు తోడానండీ, లేవండి." అత్తయ్యలు, అమ్మమ్మ అందరి తర్వాత. అప్పటికి కాగు అడుగున మసిరంగు నీళ్లు నాలుగు చెంబులుంటే ఉండేవి, లేకపోతే లేదు. ఆడవాళ్లు బయట ఉన్న రోజుల్లో కాగు ముట్టుకోకూడదు కాబట్టి, ఒళ్లు నొప్పులతో వేణ్నీళ్లు నిజంగా కావలసిన ఆ మూడు రోజులూ చన్నీళ్లే. ఆడదానికి కోరినన్ని వేణ్నీళ్లు దొరికింది పురిటి స్నానానికి మాత్రమే. అప్పుడు కూడా ఎంత వేడిగా పొయ్యాలో ఆమెను అడిగేవాళ్లు కాదు.

నాకు పదకొండేళ్లప్పుడు సంక్రాంతికి వచ్చిన బాబయ్యకి నీళ్లు తోడమన్నారు. రెండు చేతులా బకెట్టు పట్టుకుని గుమ్మం దాటుతుంటే కాలు జారింది. కుడి పాదం మీద అరచేతి వెడల్పున మచ్చ ఇప్పటికీ ఉంది. "చూసుకుని నడవద్దూ!" అని నన్నే కోప్పడ్డారు. పదకొండేళ్ల పిల్ల మోయగలిగేంత బరువేనా అది అని ఎవరూ అడగలేదు. ఇరవై లీటర్ల బకెట్టంటే ఇరవై కిలోలు. అప్పటికి నా బరువు పాతిక కిలోలుంటుందేమో.

అందుకే, పండగ తలంటుల గురించీ, కాగులో కాగిన నీళ్లలో పొగవాసన గురించీ, కుంకుడుకాయ పులుసు గురించీ మురిసిపోతూ రాసిన జ్ఞాపకాలు చదివినప్పుడల్లా నా చూపు పేజీలో ఆ కాగు వెనక్కి వెళుతుంది. అక్కడ కూర్చుని ఊదుగొట్టం ఊదుతున్న మనిషి ఆ జ్ఞాపకంలో ఉండదు. పొగవాసన తియ్యగా ఉందని రాసినాయన ఆ పొగ పీల్చినవాడు కాదు. నీళ్లు తోడించుకున్నవాడు.

ఆ రోజులు పోయాయి కదా అంటారు. ఎవరికి పోయాయి? 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "దీపం" పథకం కింద ఆడవాళ్లకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024లో రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. మంచిదే. అన్నీ వంట పొగ గురించి ఆలోచించినవే. స్నానాల నీళ్ల సంగతి? నా పాత పాఠమే ఇక్కడ పనికొస్తుంది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 కిలోజౌళ్లు కావాలి. 14.2 కిలోల సిలిండర్లో ఉన్న వేడిలో స్టవ్ మీద నీటికి చేరేది అరవై శాతం అనుకుంటే, ఇరవై లీటర్ల బకెట్టును ఇరవై డిగ్రీలు వేడెక్కించడం దాదాపు 230 సార్లు చెయ్యొచ్చు. నలుగురున్న ఇంట్లో రెండు నెలలు కూడా రాదు, అదీ ఒక్క గిన్నె అన్నం వండకుండా. అందుకే గ్యాస్ ఉన్న ఇళ్లలో కూడా పెరట్లో నీళ్ల పొయ్యి ఆరలేదు. వంట గ్యాస్ మీదికి మారింది, నీళ్లు కర్రల మీదే ఉండిపోయాయి. ఆ కర్రలు ఏరేది, ఎండబెట్టేది, పొగలో కూర్చునేది ఎవరో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇక గీజర్ వచ్చిన ఇళ్ల సంగతి. మోత తప్పింది, పొగ తప్పింది. కాదనను. కానీ మాట వినండి. "నీళ్లు తోడావా?" అన్న కేక "గీజర్ వేశావా?" అన్న కేకగా మారింది. స్విచ్చి గది బయట ఉంటుంది కాబట్టి లోపల సబ్బు రాసుకుంటున్నాయన "ఆపెయ్యి!" అని అరిస్తే, పొయ్యి మీద పోపు వదిలేసి పరిగెత్తాల్సింది ఆవిడే. ఆపడం మరిచిపోతే కరెంటు బిల్లు వచ్చిన రోజున దోషీ ఆవిడే.

అమెరికా చరిత్రకారిణి రూత్ శ్వార్ట్జ్ కోవన్ 1983లో "మోర్ వర్క్ ఫర్ మదర్" అనే పుస్తకం రాసింది. తల్లికి పని పెరిగింది అని పేరులోనే చెప్పింది. ఇంట్లోకి వచ్చిన యంత్రాలు ఎవరి పని తగ్గించాయని ఆమె లెక్క చూసింది. ఇనప పొయ్యిలు వచ్చాక కట్టెలు కొట్టే మగవాళ్ల పని తగ్గింది. పొయ్యి దగ్గర ఆడవాళ్ల పని తగ్గలేదు. పైగా శుభ్రత గురించి అంచనాలు పెరిగి పని ఇంకా పెరిగింది. మనింట్లో పోల్చి చూసుకోండి. రోజు విడిచి రోజు చేసే తలస్నానం రోజూ అయింది. ఒంటి మీద బట్ట పూటకొకటి మారింది. ఉతుకు ఎవరికి పెరిగింది?

ఇంకా పాత కథ ఒకటుంది. 1891లో అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ అనే ఆయన "క్లైమాక్స్" అనే సోలార్ వాటర్ హీటర్‌కి పేటెంటు తీసుకున్నాడు. మార్కెట్లో అమ్మిన మొదటి సోలార్ హీటర్ అదేనంటారు. మొదట దాన్ని ఎవరికి అమ్మాలనుకున్నాడో తెలుసా? వేసవిలో భార్య పనిమనుషులను తీసుకుని చల్లని ఊళ్లకి వెళ్లిపోతే ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయే పెద్దమనుషులకి. పొయ్యి వెలిగించి నీళ్లు కాచుకోవడం అలవాటు లేని మగవాళ్ల కష్టం తీర్చడానికి! భార్య ఇంట్లో ఉంటే ఆ యంత్రం అవసరమే లేదన్నమాట. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. మన దగ్గర యంత్రం భార్య ఉండగానే వచ్చింది గానీ, ఎవరి కష్టం చూసి వచ్చిందన్న విషయంలో పెద్ద తేడా లేదు.

సరే, కొత్తిల్లు కట్టుకుంటున్నాం, ఏదో ఒకటి ఎంచుకోవాలి. కొట్లో వాళ్లు ధర చెబుతారు, కరెంటు చెబుతారు. ఆ రెండింటి పక్కన ఇంకో గడి గీసుకుందాం. దీనివల్ల ఎవరికి పని, ఎవరికి ప్రమాదం?

అన్నింటికన్నా చవక బకెట్లో వేసే రాడ్. 1.5 కిలోవాట్ల రాడ్‌తో బకెట్టు నీళ్లు ఇరవై నిమిషాల్లో కాగుతాయి, అర యూనిట్ కాలుతుంది. ఇందులో ప్రమాదం అందరికీ ఒకేలా ఉండదు. నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూసేదెవరు? తడి చేత్తో ప్లగ్గు లాగేదెవరు? ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో, కంపెనీ పేరు లేని రాడ్‌తో ఆ వేలే ఆఖరుది కావచ్చు. ఏ హీటరు పెట్టినా, పెట్టకపోయినా, కరెంటు లీకైతే క్షణంలో లైను కొట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల పరికరం మెయిన్ బోర్డులో పెట్టించండి. టైల్స్ డిజైను కన్నా ముందు అడగాల్సింది అదే.

గ్యాస్ గీజర్ తొందరగా వేడి చేస్తుంది. కానీ మూసేసిన గదిలో గ్యాస్ మండితే గాలిలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానాల గది కిటికీ గట్టిగా మూసుకునేది ఎవరు? బయటినుంచి ఎవరు తొంగి చూస్తారోనని భయం ఉన్నవాళ్లు. తలంటు పోసుకుని, లోబట్టలు ఉతుక్కుని, ఎక్కువసేపు లోపల ఉండేదెవరు? ఈ పరికరం స్నానాల గది లోపల ఉండకూడదు. గది బయట, గాలి ఆడే చోట, పొగగొట్టంతో ఉండాలి. అలా పెట్టలేకపోతే అసలు వద్దు.

మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ మన వాతావరణానికి సరిపోతుంది. కొవ్వూరులో పుష్యమాసం చలి ఎంత గట్టిగా పట్టినా అది సిమ్లా కాదు. కుళాయి నీటిని ఓ పదిహేను డిగ్రీలు పెంచితే చాలు. ఈ గీజర్ నిమిషానికి మూడు లీటర్ల దాకా అలా ఇస్తుంది. స్టోరేజి గీజర్ పదిహేను లేదా పాతిక లీటర్లు కాచి ఉంచుతుంది. వరసగా నలుగురు స్నానం చేసే ఇంటికి అదే నయం, ఆఖరున వెళ్లేవాళ్లకి కూడా మిగులుతాయి కాబట్టి. ఆఖరున వెళ్లేదెవరో మీకు తెలుసు.

సోలార్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 100 లీటర్ల సోలార్ హీటర్ ఏడాదికి 1500 యూనిట్ల దాకా ఆదా చేస్తుందని ప్రచారం చేసేవారు. 2014లో కేంద్రం దానికి సబ్సిడీ ఆపేసింది. 2024 నుంచి సూర్యఘర్ పథకం కింద ఇస్తున్న సబ్సిడీ కరెంటు తయారుచేసే పలకలకి. మా మరిది ఈ లెక్కలన్నీ చెప్పి, "మన ఊళ్లో స్నానానికి వేణ్నీళ్లు కావలసింది నాలుగు నెలలు. సోలార్ దండగ" అన్నాడు. లెక్క సరైనదే. రోజుకి 100 లీటర్లు ఇరవై డిగ్రీలు పెంచడానికి 2.3 యూనిట్లు. నాలుగు నెలలకి 280. అంతే.

కానీ ఆ లెక్కలో వేణ్నీళ్లంటే స్నానమే. గిన్నెలు నాలుగు నెలలే తోముతామా? ఎండాకాలం మేడ మీద ట్యాంకు నీళ్లే మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి, ఆ నాలుగు నెలలు వదిలెయ్యండి. మిగతా ఎనిమిది నెలలు సింకులోకీ గట్టు మీదికీ రోజుకి నలభై లీటర్ల వేణ్నీళ్లు వాడితే ఇంకో 220 యూనిట్లు కలుస్తాయి. 280 కాస్తా 500 అవుతుంది. 1500 కాదు, నిజమే. ఇప్పటికీ లాభమని నేను చెప్పడం లేదు. వానాకాలం ముసురు పట్టిన రోజుల్లో సోలార్‌కి కరెంటు తోడు కావలసిందే. నేను చెప్పేదల్లా, ఆడవాళ్ల చేతుల పని లెక్కలోంచి తీసేసి "దండగ" అని తేల్చకండి అని. ఆ పని కలిపితే లెక్క మారుతుంది. మారాక, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

"గిన్నెలు తోమడానికి వేణ్నీళ్లా? ఎంత సుకుమారం!" అనేవాళ్లున్నారు. వాళ్లు డిసెంబరు నెలలో పొద్దున్నే ఆరింటికి, రాత్రి చేపల పులుసు దాక, గడ్డకట్టిన నెయ్యి గిన్నె చన్నీళ్లతో తోమి చూడాలి. జిడ్డు వదలదు, సబ్బు పొడి రెట్టింపు పడుతుంది, రెట్టింపు రుద్దాలి. వేళ్ల సందులు ఒరిసిపోయి, గోళ్ల చుట్టూ పగిలి, ఆ చేత్తో కారం కలపాలంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే 2019లో చూస్తే, ఇంటి పని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే కొద్దిమంది మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో మళ్లీ లెక్క తీస్తే 289, 88. ఐదేళ్లలో ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గితే, మగవాళ్లకి తొమ్మిది నిమిషాలు తగ్గింది! ఐదు గంటలు చేసే పనికి ఇంట్లో ఒక పైపు కూడా లేదు. పావుగంట స్నానానికి రెండు గీజర్లు.

ఇక్కడిదాకా రాసి ఆపితే నాకు బాగానే ఉండేది. కానీ నా తప్పు కూడా చెప్పాలి. ఇప్పుడుంటున్న అద్దె ఇంట్లో పనిచేసే ఆవిడతో ఈ గొడవంతా చెప్పి, "సింకుకి వేణ్నీళ్లు వేయిస్తున్నా" అన్నాను గొప్పగా. ఆవిడ గిన్నె తోముతూనే అడిగింది. "సింకు కాడికేనాండి? మరి పెరట్లో గట్టు కాడికి?"

నా నోట మాట రాలేదు. మా ఇంట్లో రెండు మూడు గ్లాసులు సింకులో కడిగేది నేను. దాకలు, పెనాలు, కుక్కర్లు పెరట్లో గట్టు మీద తోమేది ఆవిడ. నా చేతుల కోసం పోట్లాడుతూ ఆవిడ చేతులు మరిచిపోయాను. ప్లంబరుకి వంటింట్లో నేను కనబడలేదు, నాకు పెరట్లో ఆవిడ కనబడలేదు. ఆవిడ పొద్దున్న నాలుగు ఇళ్లలో తోముతుంది. ఇంటికెళ్లి కర్రల పొయ్యి మీద నీళ్లు కాచి, భర్తకీ కొడుక్కీ తోడిపెడుతుంది. మా స్నానాల గదులు రోజూ కడుగుతుంది గానీ, వాటిలో ఒక్కరోజూ కాళ్లు కడుక్కోలేదు. ఏ ఇంట్లోనూ ఎవరూ కడుక్కోమనలేదు. స్త్రీల శ్రమ అని పెద్ద మాట మాట్లాడేటప్పుడు ఆ శ్రమలో కూడా సింకు ఒకరిదీ గట్టు ఇంకొకరిదీ అని గుర్తుపెట్టుకోవాలని, నా వయసు వచ్చాక, ఆవిడ చెప్పింది.

మర్నాడు నేను ప్లాను కాగితం వెనక నా బొమ్మ గీశాను. వంటిల్లు, వెనక స్నానాల గది ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాయి. ఆ గోడ మీద పాతిక లీటర్ల స్టోరేజి గీజర్ ఒకటి. దాన్నుంచి స్నానాల గదికి, సింకుకి, పెరటి గట్టుకి మూడు కుళాయిలు. దూరం నాలుగైదు మీటర్లే కాబట్టి పైపులో చల్లారి నిలిచిపోయే నీళ్లు అర లీటరు. మేడ మీద నుంచి దింపితే ఒకటి నుంచి మూడు లీటర్లు వృథాగా పోతాయి. వేణ్నీళ్లకి మామూలు పీవీసీ పైపు పనికిరాదు, సీపీవీసీ వెయ్యాలి, గోడలో పూడ్చే ముందు పైన వేడి పోకుండా తొడుగు వెయ్యాలి. మేడ మీది లైనుకి కూడా ఒక పైపు వదిలిపెట్టమన్నాను, రేపు సోలార్ పెట్టుకోవాలంటే గోడ పగలగొట్టక్కర్లేకుండా. రెండో గీజర్ కొట్టేశాను. మూడు కుళాయిలకీ అయిన ఖర్చు ఆ గీజర్ ధరలో మిగిలింది.

మా ఆయన కాగితం చాలాసేపు చూశారు. "ముందే చెప్పొచ్చుగా" అన్నారు. చెప్పాను, నవ్వారు కదా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. స్విచ్చి మాత్రం స్నానం చేసేవాళ్లే వేసుకుని, బయటికొచ్చి వాళ్లే ఆపుకోవాలని ఒప్పందం. ఈ ఒప్పందం ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి. పైపు వెయ్యడం కన్నా అది కష్టం.

ఇదంతా ఇల్లు కట్టుకోగలిగినవాళ్ల గొడవేనని నాకు తెలుసు. నా ఇంటి గట్టు దగ్గర కుళాయి తిప్పితే ఆవిడ ఇంట్లో కర్రల పొయ్యి ఆరదు. దానికి వేరే పోరాటం కావాలి. ప్రభుత్వం కట్టి ఇచ్చే ఇళ్ల ప్లానులో నీళ్లు కాచుకునే చోటు ఎక్కడుందని అడగాలి. ఉచిత సిలిండర్ల లెక్కలో స్నానాల నీళ్లు ఎందుకు లేవని అడగాలి. పెద్దవి అడగాలంటే ముందు మన ఇంట్లో అడగడం రావాలి కదా.

మీలో ఎవరైనా ఇప్పుడు ఇల్లు కట్టుకుంటుంటే, టైల్స్ వెయ్యకముందే ఒకసారి సైటుకి వెళ్లండి. ఫ్లాస్కు మీరు మోసుకెళ్లకండి. వేణ్నీళ్ల పైపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూడండి. వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయి ఉంటే ఎందుకని అడగండి. అది పెరటి గట్టు దాకా వెళ్లే వరకూ పని ఆపించండి. టైల్స్ అతికాక అడిగితే, "ఇప్పుడు గోడ పగలగొట్టాలండి అమ్మగారూ" అంటారు.